టపాసులకు తేదీ ఒక్కటే చూస్తే చాలదు

2021 జూన్ 28న పోర్ట్‌లాండ్‌లో 46.7 డిగ్రీల ఎండ కాసింది. రెంటచింతల వాళ్ళకీ రామగుండం వాళ్ళకీ ఆ అంకె మరీ కొత్తేం కాదు. కానీ పోర్ట్‌లాండ్ అమెరికా వాయవ్య మూలన, వానలకీ పచ్చదనానికీ పేరుపడ్డ ఊరు. ఏసీ లేని ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. మర్నాడే అక్కడి ఫైర్ విభాగం, నగరంలో ఎవరూ టపాసులు కాల్చకూడదని ప్రకటించింది. టపాసులు కాల్చే జులై 4 స్వాతంత్య్ర పండక్కి ఇంకా ఐదు రోజులే ఉంది. పోర్ట్‌లాండ్ ఉన్న ఒరెగన్ రాష్ట్రంలో టపాసుల అమ్మకాలు జూన్ 23నే మొదలవుతాయి. ఆ ప్రకటన వచ్చేసరికే కొనేసి కార్ల డిక్కీల్లో పెట్టుకున్నవాళ్ళు ఎందరో.

కొలంబియా నది దాటితే వాషింగ్టన్ రాష్ట్రం. అక్కడి తంతు ఇంకా విచిత్రం. టపాసుల మీద రాష్ట్ర చట్టం కన్నా కఠినమైన నిబంధనను ఏ నగరమైనా, మన జిల్లా లాంటి ఏ కౌంటీ అయినా పెట్టుకోవచ్చు. అయితే అది అమల్లోకి రావాలంటే ఏడాది ఆగాలి. సియాటిల్ చుట్టూ ఉన్న కింగ్ కౌంటీ, నగరాల పరిధిలోకి రాని తన ప్రాంతాల్లో టపాసులను నిషేధిస్తూ 2021 వసంతంలోనే తీర్మానించింది. 2019 జులై 4న వైట్ సెంటర్‌లో టపాసుల వల్ల ఒక ఇల్లు కాలి ఓ పెద్దాయన చనిపోవడం ఆ నిర్ణయం వెనక ఉంది. ఆ నిషేధం అమల్లోకి వచ్చింది మాత్రం 2022లో. రాష్ట్రం కనీవినీ ఎరగని వడగాలుల వేసవిలో అది అక్కరకు రాని చుట్టంలా పక్కన కూర్చుంది.

వ్యాపారులకు ముందుగా తెలియాలి, స్టాక్ తెచ్చుకున్నాక నోటి దగ్గర కూడు లాగకూడదన్నది ఆ ఏడాది గడువు వెనకున్న ఆలోచన. అది తప్పని నేను అనను. రోడ్డు పక్క డేరా వేసి టపాసులు అమ్మేవాళ్ళలో చర్చిలు, స్కూలు క్లబ్బులు, స్వచ్ఛంద సంస్థలు చాలా ఉంటాయి. ఏడాది ఖర్చుకి ఆ వారం అమ్మకాలే ఆధారమయ్యేవీ ఉన్నాయి. నిషేధం అనగానే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. కాకపోతే ఎండు గడ్డికి ఏడాది ముందు నోటీసు ఇవ్వడం కుదరదు కదా.

నిషేధం కోరేవాళ్ళ చేతిలో గట్టి లెక్కలే ఉన్నాయి. అమెరికాలో 1992 నుంచి 2012 దాకా నమోదైన కార్చిచ్చుల్లో 84 శాతం మనుషుల వల్ల మొదలైనవేనని 2017లో ఒక పరిశోధన తేల్చింది. మనుషులు పెట్టిన మంటలు ఏడాది మొత్తంలో ఏ రోజు ఎక్కువని చూస్తే, అది జులై 4. ఆ 21 ఏళ్ళలో ఆ ఒక్క తేదీ ఖాతాలోనే 7,762 మంటలున్నాయి. జాతీయ అగ్నిమాపక సంఘం అంచనా ప్రకారం 2018లో టపాసుల వల్ల దేశమంతా 19,500 అగ్నిప్రమాదాలు జరిగాయి. మనం చంటిపిల్లల చేతికి కూడా ఇచ్చే కాకరపువ్వొత్తి దాదాపు 1,100 డిగ్రీల వేడితో మండుతుంది.

అటువైపు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఒరెగన్‌లో చట్టం ఒప్పుకునే టపాసు పేలకూడదు, పైకి ఒక అడుగు కన్నా ఎగరకూడదు, నేల మీద ఆరడుగులు దాటి పరిగెత్తకూడదు. మన భాషలో చెప్పాలంటే చిచ్చుబుడ్డికి అనుమతి, తారాజువ్వకి లేదు. ఇంత సాధువైన సరుకుని ఆపేస్తే జనం ఇంకా ప్రమాదకరమైనదాని కోసం వెళ్తారన్నది వాళ్ళ మాట. వెళ్తారు కూడా. సియాటిల్‌కి ఉత్తరాన టులాలిప్ ఆదివాసీల సొంత భూభాగంలో (రిజర్వేషన్ అంటారు) ఏటా వెలిసే ‘బూమ్ సిటీ’ టపాసుల సంతకి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రిజర్వేషన్ భూమి మీద రాష్ట్ర నిబంధనలు వర్తించవు. అక్కడ కొన్నది బయటికి తెచ్చి కాల్చకూడదు. తెస్తారు, కాలుస్తారు.

నిషేధం వద్దనేవాళ్ళు తప్పకుండా ఎత్తే ఉదాహరణ ఈగిల్ క్రీక్ కార్చిచ్చు. 2017 సెప్టెంబరు 2న ఒరెగన్‌లోని కొలంబియా లోయలో ఒక పదిహేనేళ్ళ కుర్రాడు పొగబాంబు లాంటి టపాసు వెలిగించి లోయలోకి విసిరాడు. 48 వేల ఎకరాలకు పైగా అడవి కాలింది. కొండదారిలో నడకకి వెళ్ళిన 150 మందికి పైగా ఆ రాత్రి మంటల వెనక చిక్కుకుపోయారు. నిప్పురవ్వలు అంత వెడల్పాటి నదినీ దాటి వాషింగ్టన్ ఒడ్డున పడి అక్కడా అంటుకున్నాయి. పోర్ట్‌లాండ్ వీధుల్లో బూడిద రాలింది. లోయలో వెళ్ళే హైవేని వారాల తరబడి మూసేశారు. కోర్టు ఆ అబ్బాయిని 3.66 కోట్ల డాలర్లు కట్టమంది. అంత డబ్బు ఏ కుర్రాడు కట్టగలడు? పదేళ్ళు షరతులకు లోబడి వాయిదాలు కడుతూ ఉంటే మిగతాది ఆపేయొచ్చని కోర్టే దారి చూపింది. అసలు సంగతేమిటంటే, ఆ అడవిలో టపాసులు అప్పటికే నిషేధం. చట్టం ఉండి ఏం చేసిందని అడుగుతారు.

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఆ కుర్రాడి చేతిలో ఉన్నది బాంబు కాదు, రాకెట్ కాదు. పొగ వదిలేది. పేలదు, ఎగరదు. ఇంటి ముందు సిమెంటు మీద అయితే ఎవరూ పట్టించుకోని వస్తువు. ఎండిన అడవిలో పడేసరికి ఇంత పని చేసింది. టపాసు ఎంత ఎత్తు లేస్తుందో కొలిచే చట్టాలు అది ఎక్కడ పడుతుందో కొలవడం లేదు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు జువ్వలు కొననిచ్చేవాళ్ళు కానీ, గడ్డివామి ఉన్న దొడ్డివైపు వెలిగించనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళకి సరుకు రకం కన్నా చోటు ముఖ్యం, ఆ రోజు గాలి ఎటు వీస్తోందన్నది ముఖ్యం.

ఈ ఇంగితాన్ని చట్టంలోకి కొంత తెచ్చిన రాష్ట్రం యూటా. 2018లో అక్కడ టపాసులు కాల్చుకునే రోజులను జులైలో రెండు పండగల (జులై 4, ఆ రాష్ట్రం సొంత పండగ జులై 24) చుట్టూ నాలుగేసి రోజులకు కుదించారు. పొదలు, ఎండు గడ్డి, కొండ అంచు ఉన్న ప్రాంతాలను మ్యాప్ గీసి మూసేసే అధికారం నగరాలకిచ్చారు. గీత దాటి కాలిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. పక్కా ఏర్పాటేమీ కాదిది. 2021 కరవులో రాష్ట్రమంతా ఆపేద్దామని గవర్నర్ స్పెన్సర్ కాక్స్ అనుకుంటే, ఆ అధికారం మీకు లేదని లాయర్లు చెప్పారు. అదే జూన్‌లో ఆయన ఏ మతం వాళ్ళైనా సరే వాన కోసం ప్రార్థన చేయమని జనాన్ని కోరారు. కప్పలకి పెళ్ళి చేసే మనకి అందులో నవ్వడానికేం లేదు.

నా ఉద్దేశంలో నిషేధం ఏడాది పొడవునా ఉండనక్కర్లేదు, పండక్కి ఐదు రోజుల ముందు ఊడిపడనూ కూడదు. గాలిలో తేమ ఇంతకి పడితే, గాలి వేగం ఇంత దాటితే, గడ్డి ఇంతగా ఎండితే ఆపేస్తామని చలికాలంలోనే రాసిపెట్టాలి. అప్పుడు స్టాల్ పెట్టేవాళ్ళు తెలిసే పెడతారు. కాల్చడాన్ని ఆపిన రోజే అమ్మకాన్నీ ఆపాలి. సరుకు చేతిలో పెట్టి డబ్బు తీసుకుని, ఇంటికెళ్ళాక ముట్టించకు అంటే వినేదెవరు? పోలీసు వచ్చేసరికి పొగ తప్ప ఏమీ మిగలదు. ఎంత చేసినా కొన్ని తప్పవని కూడా ఒప్పుకోవాలి. 2021లో పోర్ట్‌లాండ్‌లో నిషేధం ఉండగానే జులై 4 తెల్లవారుజామున ఒక అపార్ట్‌మెంట్ కాలి మనుషులు చనిపోయారు. చెత్తడబ్బాలో పడేసిన టపాసులే కారణమని అధికారులు తేల్చారు. బకెట్టు నీళ్ళలో ముంచి పారేస్తే పోయేది.

ఈ గొడవలో మనవాళ్ళకీ వాటా ఉంది. పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్, హిల్స్‌బరోల్లో, సియాటిల్ పక్కన బాతెల్, సమామిష్‌లలో తెలుగు కుటుంబాలు బోలెడు. దీపావళి వచ్చేసరికి ఆ వైపు మామూలుగా వానలు మొదలైపోతాయి, నేల తడిగా ఉంటుంది. పోర్ట్‌లాండ్ 2022లో పెట్టుకున్నట్టు శాశ్వత నిషేధం పెడితే జులై ఎండకి పడ్డ శిక్ష అక్టోబరు చిచ్చుబుడ్డి కూడా అనుభవించాలి. వాతావరణం ఎంత పొడిగా ఉందో దాన్ని బట్టి నిషేధం పెడితే ఆ తంటా ఉండదు. 2024లో యూటా దీపావళిని కూడా టపాసుల పండగల జాబితాలో చేర్చింది.

ఇలా వాదించడం మనకి లాభమే. కానీ అదే ఏడాది న్యూజెర్సీని చూడండి. మనవాళ్ళు కిక్కిరిసి ఉన్న రాష్ట్రం. 1895 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి నెల లేదన్నట్టుగా 2024 అక్టోబరు గడిచింది. దీపావళి ఆ నెల 31న వచ్చింది. వారం తిరిగేసరికి న్యూయార్క్ సరిహద్దులో జెన్నింగ్స్ క్రీక్ దగ్గర అడవి అంటుకుని వేల ఎకరాలు కాలింది. ఆ మంటను దీపావళికి అంటగట్టడం నా ఉద్దేశం కాదు. నేను పైన అడిగిన నిబంధనే అక్కడ ఉండి ఉంటే, ఆ ఏడాది న్యూజెర్సీలో దీపం వరకే దీపావళి. కాకరపువ్వొత్తి కూడా కుదరదు.