రాజ్యాంగానికి గడువు తేదీ

2026 జనవరి 26తో మన రాజ్యాంగానికి గడువు తీరిపోయింది. ఎవరూ గమనించినట్టు లేదు. ఢిల్లీలో కవాతు యథావిధిగా సాగింది, శకటాలు కదిలాయి, బడుల్లో పిల్లలకు చాక్లెట్లు పంచారు. చెల్లని పత్రం కింద పాలన నడుస్తోందన్న దిగులు ఏ ఒక్కరి ముఖంలోనూ కనబడలేదు. బాధ్యత తెలిసిన పౌరుడిగా ఈ సంగతిని దేశం దృష్టికి తేవడం నా విధి.

లెక్క నాది కాదు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్‌ది. 1789 సెప్టెంబరు 6న ఆయన పారిస్ నుంచి, అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్‌కు ఒక ఉత్తరం రాశాడు. భూమి బతికున్నవారిది, పోయినవారికి దాని మీద పెత్తనం లేదు, కాబట్టి ఏ రాజ్యాంగమైనా ఒక తరం పాటే చెల్లుతుందని అందులో వాదించాడు. తరమంటే ఎంత? బ్యూఫాన్ అనే ఫ్రెంచి పండితుడి మరణాల పట్టికలు ముందేసుకుని, గుణించి, భాగించి, 18 సంవత్సరాల 8 నెలలని తేల్చి, చిల్లర సర్దేసి 19 అన్నాడు. (ఆయన ఎస్టేటులో పనిచేసే బానిసలు కూడా అప్పటికి బతికే ఉన్నారు. భూమి వారిది కూడానా అన్న ప్రశ్నకు ఆ ఉత్తరంలో చోటు చాలినట్టు లేదు.)

ఇది మనకు పట్టని పరాయి గొడవ అని కొట్టిపారేయకండి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చదివి వినిపించినవి ఈ జెఫర్సన్ వేరేచోట రాసిన ఇలాంటి మాటలే. ఒక తరం తరవాతి తరాన్ని కట్టిపడెయ్యకూడదు, అందుకే ఇదే తుది మాట అని ముద్ర వెయ్యలేదు, సవరించుకునే దారి తేలికగానే ఉంచాం అన్నారు. మనవాళ్లు మిగతా ఉపన్యాసం సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క ముక్కా చాలా శ్రద్ధగా విన్నారు. 1951 జూన్‌లోనే తొలి సవరణ వచ్చేసింది. అప్పటికి తొలి సార్వత్రిక ఎన్నికలు ఇంకా జరగనే లేదు. ఓటరు వేలికి సిరా అంటకముందే ఓటరు హక్కులకు కత్తెర పడిందన్నమాట. అక్కడ మొదలైన సవరణలు 2023 నాటికి 106కు చేరాయి.

కానీ సవరణ అంటే అతుకు. అతుకులతో ఎన్నాళ్లు? పందొమ్మిదేళ్లకోసారి పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది రాసుకోవాలన్నది నా ప్రతిపాదన. ఇన్నాళ్లూ ఆ పని చెయ్యక మనం ఏం పోగొట్టుకున్నామో ఒకసారి చూద్దాం.

మొదటి గడువు 1969. అప్పుడు రాసుకుని ఉంటే అద్భుతంగా ఉండేది. ఆ ఏడాదే పాలక పార్టీ నిలువునా చీలింది. పార్టీ ప్రధానిని బహిష్కరించింది, ప్రధాని పార్టీని ఖాతరు చెయ్యలేదు. కాబట్టి ఒకటి కాదు, రెండు రాజ్యాంగాలు వచ్చేవి. ఎవరికి నచ్చినది వారు పాటించుకునేవారు. హైదరాబాద్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు వీధుల్లో ఉన్నారు గనుక మూడోది కూడా వచ్చి ఉండేదేమో.

రెండో గడువు 1988. లోక్‌సభలో నాలుగు వందలకు పైగా సీట్లతో ఒకే పార్టీ కూర్చుని ఉంది. కలం పట్టడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా? పత్రికల నోరు కట్టేసే పరువునష్టం బిల్లును లోక్‌సభ చేత ఆమోదింపజేసుకున్నది ఆ ఏడాదే. పాత్రికేయులు వీధికెక్కడంతో దాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు. కొత్త రాజ్యాంగమే రాసుకుని ఉంటే ఈ శ్రమ ఉండేది కాదు. భావ ప్రకటన స్వేచ్ఛ అధ్యాయం తపాలా బిళ్ల వెనక పట్టేది.

మూడోది 2007. సంకీర్ణ ప్రభుత్వం, దానికి బయటి నుంచి వామపక్షాల మద్దతు. అణు ఒప్పందం మీదే ఏకాభిప్రాయం కుదరని రోజులు. పీఠికలో ‘భారత ప్రజలమైన మేము’ అన్న చోట, బయటి నుంచి మద్దతిస్తున్న భారత ప్రజలు లోపలికి వస్తారా రారా అని సమన్వయ సంఘం ఇప్పటికీ చర్చిస్తూ ఉండేది. ఆ రాజ్యాంగం రాకపోయినా పెద్ద నష్టం లేదని ఒప్పుకుంటాను.

సరే, కొత్తది రాసేదెవరు అని అడుగుతారు. అమాయకపు ప్రశ్న. మెజారిటీ రాస్తుంది. ప్రజాస్వామ్యంలో మెజారిటీ కంటే తెలివైనది, వేగమైనది మరొకటి లేదు. తెలివి సంగతి తరవాత చూద్దాం గానీ వేగానికి మాత్రం సాక్ష్యం ఉంది. 1975లో ప్రధానమంత్రి ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పీలు సుప్రీంకోర్టులో ఆగస్టు 11న విచారణకు రావాలి. ఆగస్టు 7, గురువారం నాడు 39వ సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. ప్రధాని ఎన్నికను ప్రశ్నించే అధికారం కోర్టులకు ఉండదని దాని సారాంశం. ఆ రోజే లోక్‌సభ ఆమోదించింది. శుక్రవారం రాజ్యసభ. శనివారం రాష్ట్రాల శాసనసభలు. ఆదివారం రాష్ట్రపతి సంతకం. సోమవారం పొద్దున కోర్టు తలుపులు తెరిచేసరికి రాజ్యాంగం మారి కూర్చుంది. ఎదురు ఓటు వెయ్యగల వాళ్లలో చాలామంది అప్పటికే జైళ్లలో ఉండడం కూడా సమయం ఆదా చేసిందనుకోండి. నాలుగు రోజులు! మనకు ఒక రేషన్ కార్డులో ఇంటిపేరు సరిచేయించుకోవడానికి పట్టే కాలంతో పోల్చి చూసుకుంటే గర్వంగా ఉంటుంది. అమెరికావారు తమ ప్రతినిధుల జీతాల గురించి 1789లో రాష్ట్రాలకు పంపిన సవరణ 1992లో గానీ ఆమోదం పొందలేదు. రెండు వందల రెండేళ్లు. అది దేశమా, భూ రికార్డుల కార్యాలయమా?

మన వేగానికి కళ్లెం వేసింది న్యాయస్థానం. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో, పార్లమెంటుకు ఎంత మెజారిటీ ఉన్నా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదని తీర్పు వచ్చింది. మెజారిటీతో అన్నీ మార్చెయ్యకూడదని తేల్చిన ఆ ధర్మాసనంలో పదమూడుగురు. ఏడుగురు ఔనన్నారు, ఆరుగురు కాదన్నారు. అంటే మెజారిటీకి హద్దు ఉందన్నది కూడా మెజారిటీ అభిప్రాయమే, అదీ ఒక్క ఓటు తేడాతో. ఆ పూట ఒక న్యాయమూర్తి మనసు ఇటు కాక అటు మొగ్గి ఉంటే, ఈ వ్యాసం రాసే అవసరం నాకు ఉండేది కాదు. రాసే అవకాశమూ ఉండేది కాదేమో.

ఇంతకీ ఈ మెజారిటీ ఏ కొలతతో తయారవుతుంది? స్వతంత్ర భారతంలో ఒక్క పార్టీకి కూడా లోక్‌సభ ఎన్నికల్లో పోలైన ఓట్లలో సగం రాలేదు. 1984లో వెల్లువ అన్నప్పుడూ రాలేదు, 2014లో సునామీ అన్నప్పుడూ రాలేదు. 2014 సునామీ ఎత్తు 31 శాతం. ఇక మన ఇంటి లెక్క చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం చిల్లర ఓట్లు వచ్చాయి, 175లో 23 సీట్లు దక్కాయి. దాదాపు 50 శాతం ఓట్లతో వైఎస్సార్ కాంగ్రెస్ 151 పట్టుకుపోయింది. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం చిల్లర వచ్చాయి, 11 సీట్లు మిగిలాయి. ప్రతిపక్ష హోదా కూడా దక్కలేదు. అయిదేళ్ల తేడాతో ఒకే మోతాదు ప్రజాభిమానానికి ఒకసారి 23, ఒకసారి 11. రెండుసార్లూ గెలిచినవారు ఇది చారిత్రక తీర్పు అన్నారు. రెండుసార్లూ ఓడినవారికి యంత్రాల మీద అనుమానం వచ్చింది. వచ్చిన ఓట్లకు సీట్లు ఈ తీరుగా పంచే పద్ధతి మీద మాత్రం రెండుసార్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఈసారి మన వంతు వస్తుందన్న నమ్మకం ఉన్నవారికి ఎందుకు వస్తుంది?

మెజారిటీకి ఉన్న పావన శక్తి కూడా సామాన్యమైనది కాదు. ఫిరాయింపుల చట్టం ప్రకారం ఒక్కరు పార్టీ మారితే పదవి ఊడుతుంది. మూడింట రెండు వంతుల మంది కలిసి దూకితే దాని పేరు విలీనం. 2019 జూన్‌లో తెలంగాణ శాసనసభలో పద్దెనిమిది మంది కాంగ్రెస్ సభ్యుల్లో సరిగ్గా పన్నెండు మంది టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. భిన్నాల లెక్కలు ఇంత కచ్చితంగా చెయ్యగలవారు మన శాసనసభల్లో ఉన్నారని తెలిసి మా వీధి ట్యూషన్ మాస్టారు ఎంతో సంతోషించారు. తరవాత గాలి తిరిగింది, ఎదురు దిశలో ప్రయాణాలు మొదలయ్యాయి. ఈసారి లెక్క అంత శుభ్రంగా కుదరలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది.

మెజారిటీ సూత్రం ఎంత న్యాయమైనదో మా అపార్ట్‌మెంట్‌లో దగ్గర నుంచి చూశాను. అయిదు అంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. వానాకాలం వస్తే పై అంతస్తులోని నాలుగు ఇళ్లకూ కప్పు కారుతుంది. డాబా అందరిదీ కాబట్టి సంఘం నిధిలోంచి బాగు చేయించాలని ఆ నాలుగు కుటుంబాలవారూ సర్వసభ్య సమావేశంలో అడిగారు. నేను మూడో అంతస్తులో ఉంటాను గనుక నిష్పాక్షికంగా చెప్పగలను, చర్చ చాలా ప్రజాస్వామికంగా జరిగింది. మాట్లాడతామన్న ప్రతి ఒక్కరికీ అవకాశమిచ్చారు, మధ్యలో టీ ఇచ్చారు. ఓటింగులో 16–4 తేడాతో తీర్మానం వీగిపోయింది. పనిలో పనిగా నిబంధనావళిని కూడా సవరించి, కప్పు మరమ్మతు దాని కింద కాపురముండేవారి బాధ్యత అని చేర్చాం. డాబా మీద వడియాలు ఎండబెట్టుకునే హక్కు మాత్రం ఇరవై ఫ్లాట్లకూ యథాతథంగా ఉంది.

ఆ నాలుగు కుటుంబాలవారూ ఇప్పుడు తమ అంతస్తుకు వేరే సంఘం పెట్టుకుంటామంటున్నారు. తెలుగువారికి ఇది కొత్త కాదు. మద్రాసు రాష్ట్రంలో తమిళుల మెజారిటీ కింద మన మాట చెల్లడం లేదని మొరపెట్టుకున్నాం. ఆ మొర ఇంకా పూర్తికాకముందే, కోస్తావారి మెజారిటీ కింద మా గతేమిటని రాయలసీమ పెద్దలు అడిగారు. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో తెలంగాణను కలుపుకుంటూ పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. రాసుకున్నవి చదువుకోవడం మన ఆచారంలో లేదు గనుక 1969లో ఒక ఉద్యమం, 1972లో ఎదురు ఉద్యమం నడిచాయి. ఆ రెంటినీ సముదాయించడానికి 1973 నాటి 32వ సవరణతో ఏకంగా రాజ్యాంగంలోనే, చదువుల్లో ఉద్యోగాల్లో స్థానికులకు వాటా చూపే 371-డి అధికరణం చేర్చారు. చివరికి 2014. జనవరిలో ఉమ్మడి శాసనసభ మూజువాణి ఓటుతో విభజన బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరిలో లోక్‌సభ, మధ్యలో పెప్పర్ స్ప్రే ఘాటును కూడా భరించి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన వేళ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. రెండు చోట్లా మెజారిటీయే, రెండు చోట్లా గొంతే. హైదరాబాద్‌లో గీత గీస్తే ఒకరికి మెజారిటీ, ఢిల్లీలో గీస్తే ఇంకొకరికి. గీత ఎక్కడ గియ్యాలన్న దాని మీద ఓటింగు పెడదామంటే, ముందు ఓటర్లెవరో తేల్చడానికి ఇంకో గీత కావాలి.

అంబేడ్కర్ దీన్ని ముందే కనిపెట్టారు. ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టడానికి ముందు నేనే సిద్ధం అని ఆయన రాజ్యసభలో అన్న మాటను మనవాళ్లు అవసరం కొద్దీ వాడుతుంటారు. అది 1953 సెప్టెంబరులో, మన ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చలో అన్న మాట అని ఎవరూ చెప్పరు. మెజారిటీవారు మైనారిటీలను పక్కకు నెట్టేసి, మిమ్మల్ని గుర్తిస్తే ప్రజాస్వామ్యానికి హాని అనడం కుదరదని ఆయన అదే ఉపన్యాసంలో హెచ్చరించారు. నిప్పు మాట అందరికీ గుర్తుంది, రెండోది గుర్తుంచుకోవడానికి కాస్త పొడవు.

అందుకే నేను కొత్త రాజ్యాంగం ఇప్పుడే, ఆలస్యం చెయ్యకుండా రాసుకోవాలంటున్నాను. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గర గడ్డకట్టుకుని ఉంది. 2026 తరవాతి తొలి జనగణన వరకు అలాగే ఉంచాలన్నది 84వ సవరణ. చూశారా, గడువు సంవత్సరం విషయంలో జెఫర్సన్, మన పార్లమెంటు చెప్పుకోకుండానే ఏకీభవించారు. 543 మందిలో రెండు తెలుగు రాష్ట్రాల వారు కలిపి 42 మంది. ఉత్తరప్రదేశ్ ఒక్కదానికే 80. మంచు కరిగి జనాభా లెక్కన పంచితే, ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’ అని ప్రభుత్వం గోడల మీద రాయించిన మాటను నిజంగా నమ్మిన రాష్ట్రాల వాటా తగ్గుతుంది. నమ్మనివారికి పెరుగుతుంది. మెజారిటీ సూత్రం ప్రకారం ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. గోడ మీద రాసిందల్లా చదవమని ఎవరు చెప్పారు?

దీనికి విరుగుడు ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే కనిపెట్టింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రి గారే పిలుపునిచ్చారు. వాదించి మెజారిటీని ఒప్పించడం మనవల్ల కాలేదు, మెజారిటీని కనడమొక్కటే మిగిలిన దారి. కాలం కూడా చక్కగా కుదురుతుంది. మోయడానికి తొమ్మిది నెలలు, ఓటు హక్కు రావడానికి పద్దెనిమిదేళ్లు, జాబితాలో పేరెక్కడానికి మూడు నెలలు. 2045లో రాయబోయే రాజ్యాంగానికి సరిగ్గా అందుకుంటాం. కాన్పు వార్డు ముందు నిలబడ్డ తండ్రులు జనన ధ్రువపత్రంతో పాటు ఓటరు నమోదు ఫారం 6 కూడా అప్పుడే తెచ్చి పెట్టుకుంటే మంచిది. పేరులో అక్షర దోషాలు దిద్దించుకోవడానికి ఆ పద్దెనిమిదేళ్లు సరిపోవచ్చు.