టిప్పు మన ఇష్టం, జీతం యజమాని బాధ్యత

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనైనా ఇదివరకు భోజనం అయ్యాక సోంపు ప్లేట్లోనే మిగతా చిల్లర వచ్చేది. 460 రూపాయల బిల్లుకి ఐదొందల నోటు పెడితే రెండు ఇరవైలు తిరిగొచ్చేవి. ఒకటి జేబులో వేసుకుని రెండోది అక్కడే వదిలేసి లేచేవాళ్లం. ఇప్పుడు ఫోన్ తీసి స్కాన్ చేసి, బిల్లు ఎంతుంటే అంతే కొట్టి వచ్చేస్తున్నాం. టిప్పు ఇవ్వకూడదని ఎవరూ అనుకోలేదు. చిల్లర తిరిగి రావడం ఆగిపోయింది, దాంతో పాటు టిప్పూ ఆగిపోయింది. "ఇప్పుడేటుందండి బాబూ, అంతా ఫోనే కదా" అన్న మాట మన ఊళ్లలో ఏ సప్లయర్‌ని కదిపినా వినబడుతుంది.

ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర హోటల్ పని అంటే చాలా చోట్ల భోజనం, పడక పెట్టి నెలకింత అని మాట్లాడుకోవడమే. ఆ మాట్లాడుకునేటప్పుడు "పైన టిప్పులు ఎలాగూ వస్తాయి కదా" అని యజమాని అంటాడు, కుర్రాడు సరేనంటాడు. అంటే కస్టమర్ జేబులోంచి వస్తుందో రాదో తెలియని డబ్బును ముందే జీతంలో కలిపేసి లెక్క కట్టేశారు. ఆ డబ్బు రావడం తగ్గినప్పుడు మాత్రం జీతం మళ్లీ మాట్లాడుకోలేదు. నష్టమంతా ప్లేట్లు మోసేవాడి మీదే పడింది.

పెద్ద నగరాల హోటళ్లు ఇదే సమస్యను ఇంకో దారిలో దాటాయి. బిల్లులోనే ఐదు శాతమో, పది శాతమో సర్వీస్ ఛార్జ్ వేసేస్తాయి. మన రెండు జిల్లాల్లో మామూలు హోటళ్లలో ఆ లైను పెద్దగా కనబడదు. ఆదివారం పిల్లలతో విశాఖ వెళ్లి ఏ పెద్ద రెస్టారెంట్‌లోనో కూర్చున్నప్పుడు, హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఎదురవుతుంది. భోగాపురం విమానాశ్రయంతో జాతీయ రహదారి పొడవునా పెద్ద హోటళ్లు వస్తాయని అందరూ అంటున్నారు. వాటితో పాటు ఆ లైను కూడా వస్తుంది. అందుకే దాని సంగతి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

వెయ్యి రూపాయల భోజనం తీసుకుందాం. పది శాతం సర్వీస్ ఛార్జ్ అంటే వంద. మామూలు రెస్టారెంట్ భోజనం మీద జీఎస్టీ 5 శాతం, అందులో కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. అసలైతే వెయ్యి మీద యాభై కట్టాలి. సర్వీస్ ఛార్జ్ కలిపి 1,100 మీద లెక్కేస్తారు కాబట్టి 55 అవుతుంది. చివరికి చేతికొచ్చే బిల్లు 1,155. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ లైన్ల పక్కనే ఇదీ ఉంటే, అన్నీ ప్రభుత్వానికి పోయేవే అనుకుని చాలామంది కట్టేస్తారు. 2017 జూన్ చివరి దాకా సర్వీస్ ట్యాక్స్ అనే పన్ను నిజంగానే ఉండేది కాబట్టి ఆ గందరగోళం ఇంకా పోలేదు. సర్వీస్ ఛార్జ్‌లో ఒక్క రూపాయి కూడా పన్ను కాదు. మొత్తం హోటల్‌దే.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో తనంతట తానే సర్వీస్ ఛార్జ్ పడకూడదు. వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. ఇవ్వనన్న వాళ్లను లోపలికి రానివ్వకపోవడం కుదరదు. ఆహారం బిల్లుకి దాన్ని కలిపి జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న ఏకసభ్య ధర్మాసనం ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు ఇచ్చింది, రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు వేసింది. ఇష్టపడి ఇచ్చే టిప్పును కోర్టు ఎక్కడా తప్పుపట్టలేదు. బలవంతంగా వసూలు చేయడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి అంది. దాని మీద సంఘాలు అప్పీలుకు వెళ్లాయి.

హోటళ్ల వాదనలో ఒకటి మాత్రం నన్ను ఆలోచింపజేస్తుంది. టిప్పు టేబుల్ దగ్గరికొచ్చే మనిషికే అందుతుంది, వంటగదిలో పొయ్యి ముందు ఉన్న మాస్టర్‌కి, పిండి రుబ్బేవాళ్లకి, గిన్నెలు తోమే ఆడవాళ్లకి అందదు, సర్వీస్ ఛార్జ్ అయితే అందరికీ పంచుతాం అంటారు. ఇందులో నిజం ఉంది. మే నెల మధ్యాహ్నం విజయనగరంలో ఒక హోటల్ వంటగదిలోకి తొంగి చూస్తే చాలు, అక్కడ పనిచేసేవాళ్ల కష్టం సప్లయర్ కష్టం కంటే తక్కువేమీ కాదని తెలుస్తుంది. వాళ్ల ముఖం మనం చూడం, వాళ్ల పేరు మనకు తెలీదు, మన టిప్పు వాళ్లదాకా వెళ్లదు. ఈ సమస్యను ఎత్తి చూపినందుకు హోటల్ సంఘాలను నేను తప్పుపట్టను.

కానీ పంచుతున్నారని మనకెలా తెలుస్తుంది? బిల్లులో వసూలు చేసిన వందలో గిన్నెలు తోమే ఆమెకు ఎంత వెళ్లిందో కస్టమర్‌కి చెప్పరు. ఆమెకు కూడా చెప్పరు. అయినా వంటవాళ్లకి సరిగా ఇవ్వాలనుకుంటే మెనూలో ధర పెంచవచ్చు కదా. దాన్ని ఏ చట్టమూ ఆపదు. భోజనం ధర ఎంతో కూర్చోక ముందే తెలిస్తే, కూర్చోవాలో పక్క హోటల్‌కి వెళ్లాలో మనమే తేల్చుకుంటాం. తిన్నాక పైన పది శాతం వేయడంలో ఆ అవకాశం లేదు.

"ధర పెంచితే జనం రారు" అని మన దగ్గర యజమానులు భయపడతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. శ్రీకాకుళం లాంటి ఊళ్లో పది రూపాయల తేడాకి మెస్ మార్చేసే విద్యార్థులు, చిన్న ఉద్యోగులు ఉన్నారు. అయితే ఇవే హోటళ్లు నూనె ధర పెరిగినప్పుడు, గ్యాస్ బండ ధర పెరిగినప్పుడు రేట్లు పెంచి గోడకి కాగితం అంటించాయి. జనం రెండు రోజులు గొణిగి మళ్లీ వచ్చారు. రోజుకి 200 భోజనాలు అమ్మే మెస్ ఒక్కో భోజనం మీద ఐదు రూపాయలు పెంచితే రోజుకి వెయ్యి, నెలకి ముప్పై వేలు. పదిమంది పనివాళ్లుంటే మనిషికి మూడు వేలు. వంటగదికీ, టేబుళ్ల దగ్గర ఉన్నవాళ్లకీ సమానంగా. గోడ మీద కాగితంలో "పనివాళ్ల జీతాలు పెంచినందున" అని రాస్తే ఆ ఐదు రూపాయలకి నేను గొణగను.

టిప్పును జీతంగా లెక్కేయడం ఎక్కడికి తీసుకెళ్తుందో అమెరికాలో చూడొచ్చు. అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులు వచ్చే పనివాళ్లకి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. మిగతాది టిప్పులతో పూడాలని లెక్క, అవి చాలకపోతేనే యజమాని పూడ్చాలి, అందుకే అక్కడికి వెళ్లిన మన పిల్లలు పదిహేను, ఇరవై శాతం టిప్పు గురించి టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తుంటారు. మన 1948 నాటి కనీస వేతనాల చట్టంలో గానీ, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లో గానీ టిప్పు చూపించి జీతం తగ్గించుకునే వెసులుబాటు లేదు. ఆదాయపు పన్ను కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు కూడా 2016లో, హోటల్ ద్వారా పంచిన టిప్పులు సైతం జీతం కిందకి రావని చెప్పింది. అవి కస్టమర్ ఇచ్చినవి. మన చట్టంలో లేని పద్ధతిని మన హోటళ్లు నోటిమాట మీద నడిపిస్తున్నాయి.

టిప్పు మీద బతకాల్సి రావడంలో ఇంకో బాధ ఉంది. కారు దిగి వచ్చిన కుటుంబం దగ్గర ముగ్గురు నిలబడతారు. పల్లె నుంచి కలెక్టరేట్ పని మీద వచ్చి ఒక మూల కూర్చున్న ముసలాయన రెండోసారి సాంబారు అడగడానికి ఇబ్బంది పడతాడు. ఇద్దరూ మెనూలో ఉన్న ధరే కడుతున్నారు. సప్లయర్‌ని దీనికి నిందించలేం, ఎవరు ఇస్తారో చూసి తిరగక తప్పని స్థితిలో అతన్ని పెట్టారు. జీతం సరిగా ఉంటే ఆ ముసలాయన గ్లాసులో నీళ్లు అడక్కుండానే పడతాయి.

టిప్పు పోవాలని నేను అనడం లేదు. బాగా చూసుకున్న మనిషికి పదో ఇరవయ్యో చేతిలో పెట్టడం మంచి అలవాటు. నగదు వాడనివాళ్లు ఆ కుర్రాడి సొంత నంబరుకే పంపవచ్చు. కౌంటర్ దగ్గరి కోడ్‌కి ఎక్కువ కొడితే అది యజమాని ఖాతాలో పడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనబడితే, డబ్బు కట్టకముందే తీసేయమని అడగండి. తీయనంటే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్ విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఉంది. మార్గదర్శకాల ప్రకారం కలెక్టర్‌కి కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. బిల్లు తెచ్చిన సప్లయర్ మీద మాత్రం కేకలేయకండి. ఆ లైను వేసింది అతను కాదు, తీసే అధికారమూ అతనికి లేదు. మేనేజర్‌ని పిలిపించి మాట్లాడండి.