ఫెన్ కంటే ముందే డోల్ ఉన్నారు

ద్రవ క్రోమటోగ్రఫీని (ద్రవంలో కలిసిన పదార్థాలను విడదీసే పద్ధతి) మాస్ స్పెక్ట్రోమీటర్‌కు (అణువుల బరువు తేల్చే యంత్రం) జతచేయడంపై మీ వ్యాసం బాగుంది కానీ ఎలక్ట్రోస్ప్రేను 1980ల్లో రసాయన శాస్త్రవేత్త జాన్ ఫెన్ కనిపెట్టారన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. పెద్ద అణువులను విద్యుత్ తుంపరలుగా చిమ్మి వాయుస్థితిలోకి తేవాలని మాల్కం డోల్ 1968లోనే పాలీస్టైరీన్‌తో ప్రయత్నించారు. ఫెన్ బృందం దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌కు జతచేసి, 1988 నాటికి ప్రోటీన్ల బరువు తేల్చి చూపించింది. 2002 నోబెల్‌లో వాటా అందుకే. ఒక్కో ప్రోటీన్‌కు పదుల సంఖ్యలో ఆవేశాలు అంటుకుంటాయి కాబట్టి, ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి తగ్గి మామూలు యంత్రానికే అందుతుంది. అసలు అందమంతా అక్కడే ఉంది, మీరేమో దాన్ని వదిలేశారు!

ఈ రెంటినీ కలపడంలో చిక్కెక్కడో కూడా చెప్పాల్సింది. క్రోమటోగ్రఫీ కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) నుంచి నిమిషానికి ఒక మిల్లీలీటరు నీరొస్తే, ఆవిరయ్యాక మామూలు పీడనంలోనే లీటరు దాటుతుంది. అవతల మాస్ స్పెక్ట్రోమీటర్ లోపలేమో శూన్యం. అందుకే కదిలే బెల్టు మీద ద్రవాన్ని ఆరబెట్టి లోపలికి పంపిన రోజులున్నాయి. తర్వాత థర్మోస్ప్రే (ద్రవాన్ని వేడిచేసి తుంపరగా చిమ్మే పద్ధతి) కొన్నాళ్లు ఏలింది. అయాన్లను బయటే, వాతావరణ పీడనంలోనే తయారుచేయడం కుదిరాక గానీ దారి సాఫీ కాలేదు.

ధ్రువత తక్కువున్న అణువులకు ఏపీసీఐ (వాతావరణ పీడనంలోనే రసాయన చర్యతో అయాన్లు చేసే పద్ధతి) నయం. అది కూడా 1970ల నాటిదే, కొత్తదేం కాదు.

ఎలక్ట్రోస్ప్రే సర్వరోగ నివారిణి అనుకునేవాళ్లకు ఒక మాట: శాంపిల్‌లో ఉప్పులుంటే సిగ్నల్ అణిగిపోతుంది. ఫాస్ఫేట్ బఫర్ (అదీ ఉప్పు ద్రావణమే) పంపి, సాయంత్రమంతా సోర్స్ (అయాన్లు తయారయ్యే భాగం) తుడుస్తూ కూర్చున్నవాణ్ణి నేను.