ప్రార్థన కూటానికి రానంత మాత్రాన భక్తి లేనట్టేనా?

మన విచారణల్లో (క్యాథలిక్ చర్చి పారిష్‌లలో) ఒక పాడు అలవాటు బాగా ముదిరిపోయింది. ఎవరు ఎన్ని నవదిన ప్రార్థనలు చేశారు, ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలంలో ఎవరు ఎన్ని పూటలు పస్తున్నారు, శుక్రవారం కూటానికి ఎవరు రాలేదు, ఈ లెక్కలతోనే మనిషి భక్తిని తూచేస్తున్నాం. ఈ తూకం తప్పని నాలుగు వందల ఏళ్ల కిందటే ఒక మేత్రాణులవారు (బిషప్) పుస్తకం రాసి మరీ చెప్పారు. ఆయనే పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్. విశాఖ వైపు క్యాథలిక్కులకు ఈ పేరు కొత్తేం కాదు, ఆయన పేరు పెట్టుకున్న సభ గురువులు (ఫాదర్లు) ఇప్పటి ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల పక్కనున్న ఆన్సీ నుంచి 1846లోనే విశాఖపట్నం వచ్చి బళ్లు, గుళ్లు కట్టారు. పేరు మనకు నోటికొచ్చు. ఆయన రాసింది మాత్రం మనలో చదివినవాళ్లు చాలా తక్కువ, నా బాధంతా అదే.

నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో చెప్తాను. మా విచారణలో ఒక అక్క ఉంది (ఆమెను అడిగే రాస్తున్నాను). అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. పొద్దున్నే లేచి పక్కబట్టలు మార్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, వీపు మీద పుండ్లు పడకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పి పడుకోబెట్టి, రాగిజావ చెంచాతో కొంచెం కొంచెంగా పోస్తూ, మింగారా లేదా అని గొంతు వైపే చూస్తూ కూర్చుంటుంది. ఒకటి మింగాకే ఇంకో చెంచా. ఆ చెంచాకీ ఈ చెంచాకీ మధ్య మంగళవార్త జపం (మరియమ్మ ప్రార్థన) చెప్పుకుంటుంది, పెదాలు కదులుతుంటాయి. అలాంటి మనిషిని పట్టుకుని మొన్న కూటంలో ఒక పెద్దాయన, ఇంటిపనులకు ఉన్న టైం దేవుడికి లేదా అమ్మా అని అందరి ముందూ అడిగారు. ఆమె తల వంచుకుంది. ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆ పెద్దాయనకు ఫ్రాన్సిస్‌వారి సమాధానం ఏమిటో చూడండి. 1602లో ఆయన జెనీవా మేత్రాణులయ్యారు, కానీ ఆ ఊరు అప్పటికే ప్రొటెస్టెంటు బోధకుడు కాల్విన్ అనుచరుల చేతిలో ఉండటంతో ఆన్సీలోనే ఉండి పనిచేశారు. ఫ్రాన్సిస్‌వారి బంధువుల ఇంటి కోడలు ఒకామె, మదాం ద షార్మొయిసీ, మొగుడూ సంసారమూ పెద్దింటి రాకపోకలూ అన్నీ ఉన్న మనిషి, వీటి మధ్య భక్తిగా ఎలా బతకాలి అని ఆయన సలహా అడిగింది. ఆమెకు రాసిచ్చిన మాటల్లోంచి పుట్టిందే 1609 నాటి ‘భక్తి జీవితానికి ఉపోద్ఘాతం’. మఠంలో ఉన్నవాళ్ల కోసం కాదు, ఇల్లు నడుపుకునేవాళ్ల కోసం రాశారు. మొదటి భాగం మూడో అధ్యాయంలోనే కుండబద్దలు కొట్టినట్టు అడుగుతారు: మేత్రాణులు ముని లాగా ఏకాంతంలో కూర్చుంటే బాగుంటుందా, పెళ్లాం పిల్లలున్నవాడు కపూచిన్ సన్యాసి లాగా రేపటికి పైసా దాచకపోతే బాగుంటుందా, చేతిపని చేసుకునేవాడు రోజంతా గుడిలోనే గడిపితే సాగుతుందా అని. సైనికుల మధ్య నుంచి, పనివాళ్ల కొట్ల నుంచి, సంసారుల ఇళ్ల నుంచి భక్తిని వెళ్లగొట్టాలనుకోవడం మతవిరుద్ధ బోధ అని రాశారు. ఎంత పెద్ద మాటో చూడండి, అదీ ఒక మేత్రాణుల కలం నుంచి!

మొదటి అధ్యాయం ఇంకా ఘాటుగా ఉంటుంది. ఒకడు ఉపవాసం పేరుతో నాలుక మీద ద్రాక్షరసం చుక్క కూడా పడనివ్వడు, అదే నాలుకతో పొరుగువాడి మీద నిందలేసి వాడి రక్తం తాగడానికి వెనకాడడు, పైగా తాను భక్తిపరుణ్ణనుకుంటాడు. ఇది చదువుతుంటే నాకు మన కూటాలయ్యాక గేటు దగ్గర జరిగే మాటలే గుర్తొచ్చాయి.

మూడో భాగంలో చిన్నచిన్న ఓర్పుల గురించి రాసినదైతే నేను మళ్లీ మళ్లీ చదువుతాను. తలనొప్పి, పంటినొప్పి, జలుబు, మొగుడి విసుగో పెళ్లాం విసుగో, పగిలిన గ్లాసు, పోయిన రుమాలు, ఇవన్నీ ప్రేమతో భరిస్తే దేవుడికి ఇష్టమట. ఇటలీ పునీతురాలు సియెన్నా కత్తెరీనమ్మగారి దర్శనాలను మెచ్చుకుంటూనే, ఆమె తండ్రి ఇంటి వంటగదిలో మాంసం కాలుస్తూ, పొయ్యి చూసుకుంటూ, దాసీ పనంతా చేస్తూ మనసులో ప్రభువుతో ఉండటాన్ని చూసి నేర్చుకోమంటారు.

ఇలా అయితే ఎవరికి వాళ్లు పనుందని చెప్పి ప్రార్థన మానేస్తారు కదా అని కొందరంటారు. పుస్తకం తెరిచి చూడండి. పొద్దున్న ధ్యానం చెప్పారు, రాత్రి మనస్సాక్షి పరిశీలన చెప్పారు, తరచూ పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం చెప్పారు. ఆయన దేన్నీ తగ్గించలేదు, ఎవరి బతుకుకు తగ్గట్టు వాళ్లకు అమర్చారు. ఆయన సలహా మీద నడిచిన జాన్ ద షాంతాల్ అమ్మగారి ఇంటి పనివాళ్లు ఏమనేవారట అంటే, అమ్మగారికి భక్తి దారి చూపిన పాత గురువు ఉన్నప్పుడు అమ్మగారు రోజుకు మూడుసార్లు ప్రార్థన చేసేవారు, మా అందరికీ విసుగొచ్చేది, ఇప్పుడు రోజంతా ప్రార్థన చేస్తున్నారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు అని. భర్త పోయి, నలుగురు పిల్లల్ని పెంచుకుంటున్న తల్లి ఆమె. 1610లో ఇద్దరూ కలిసి విజిటేషన్ మఠం స్థాపించారు.

1665లో పునీతుడని, 1877లో శ్రీసభ (క్యాథలిక్ చర్చి) పండితుడని ప్రకటించిన మనిషి మాట ఇది, నా సొంత కవిత్వం కాదు. కాబట్టి గురువులకు నా విన్నపం, జనవరి 24న ఆయన పండుగ నాడు ప్రసంగంలో ఆ మూడో అధ్యాయం మా తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించండి.

కూటం పెద్దలకు ఇంకోటి. ఆ అక్కకు పూజకు రావాలని లేక కాదు, అత్తగారిని ఒంటరిగా వదలలేక రావట్లేదు. ఈ ఆదివారం నేను మొదటి పూజ చూసుకుని వాళ్లింటికి వెళ్తున్నాను, ఆమె రెండో పూజకు వెళ్లొచ్చేదాకా పెద్దావిడ దగ్గర నేనుంటాను. పై ఆదివారం ఎవరు వెళ్తారో చెప్పండి.