నీరసం అనుకుని నెలలు గడపొద్దు

చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టంగా ఉందనో, తాళంచెవి తిప్పుతుంటే వేళ్లలో పట్టు చాలడం లేదనో అంటే ఇంట్లో వినిపించే మాట, వయసు కదా అని. రెండు నెలలు విటమిన్ మాత్రలు, ఇంకో రెండు నెలలు మాలిష్, అలా అలా ఏడాది గడిచిపోతుంది. అసలు కారణం నరాల జబ్బయితే ఆ ఏడాది వృథా అయినట్టే, మా బాధంతా దాని గురించే.

కదలిక రెండు అంచెల పని. మెదడు పైపొరలోని నాడీకణం ఆజ్ఞను కిందికి పంపితే, వెన్నుపాములోని రెండో కణం అందుకుని కండరానికి చేరుస్తుంది. మొదటిది దెబ్బతింటే కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. రెండోది చచ్చిపోతే కండ కరిగిపోతుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉబ్బుగా ఉండాల్సిన చోట గుంట పడుతుంది, చర్మం కింద సన్నగా అదురుతుంటుంది. రెండూ పోయే జబ్బు ఏఎల్‌ఎస్. ఫ్రెంచి నరాల వైద్యుడు షార్కో 1869లోనే వర్ణించినా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. స్పర్శ మాత్రం చాలావరకు మామూలుగానే ఉంటుంది, తిమ్మిరి లేదు కదా, పెద్దదేం కాదులే అనుకోవడం అక్కడే కొంప ముంచుతుంది. (బలం తగ్గకుండా ఉత్త కనురెప్ప అదిరితే టెన్షన్ అక్కర్లేదు.)

పార్కిన్సన్స్ వేరు. కండరానికి వెళ్లే నరం బాగానే ఉంటుంది, మెదడులో డోపమైన్ అనే, కదలికను సాఫీగా నడిపే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు, చేతిరాత చిన్నదైపోతుంది. లెవోడోపా అనే మందుతో చాలామందికి ఏళ్ల తరబడి కదలిక తేలికవుతుంది.

అన్నిటికన్నా తొందరపడాల్సింది గిలాన్-బారే విషయంలో, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడిచేసే జబ్బు విషయంలో. పాదాల్లో తిమ్మిరితో మొదలై రోజుల్లోనే బలహీనత పైకి పాకుతుంది, కొందరికి శ్వాస ఆడించే కండరాలు కూడా బలం కోల్పోయి వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది, అయినా ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) గానీ ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవాన్ని తీసి మార్చడం) గానీ మొదటి రెండు వారాల్లోపు అందితే త్వరగా కోలుకుంటారు, చాలామంది మళ్లీ నడుస్తారు.

అందుకే మొదట చూసే డాక్టరు మాత్రలు రాసేముందు మనిషిని లేపి మడమల మీద, మునివేళ్ల మీద నడిపించి చూడాలి, మోకాలి కింద సుత్తితో తట్టి చూడాలి. ఐదు నిమిషాల పని. అనుమానం వస్తే ఆలస్యం లేకుండా న్యూరాలజిస్టు దగ్గరికి పంపాలి.

నయంకాని జబ్బని తేలినా ఏం చేయలేమని ఇంటికి పంపేయడాన్ని మేము ఒప్పుకోం. రాత్రిపూట శ్వాసకు మాస్కు యంత్రం, మింగలేనప్పుడు పొట్టలోకి గొట్టం, మాట పోయాక వాడుకోవడానికి సొంత గొంతు రికార్డింగు, ఇవన్నీ ఉన్నాయి. ఆ రికార్డింగు మాట స్పష్టంగా ఉన్నప్పుడే చేసుకోవాలి, కాబట్టి రోగి బెంగపడతారని జబ్బు పేరు దాచిపెడుతున్న కుటుంబాలు ఈ ఒక్క కారణానికైనా ముందే చెప్పేయాలి.