ఒక షిల్లింగు రెండైన చోట: కెన్యా, ఉగాండా మారకం రేటులో ఏముంది?

1970లో ఉగాండాలో ఒక కాఫీ రైతు 1,000 షిల్లింగులు దాచుకున్నాడనుకుందాం. పక్కనే ఉన్న కెన్యాలో ఇంకో రైతు కూడా అంతే దాచాడు. అప్పట్లో రెండు షిల్లింగుల విలువా ఒకటే. వడ్డీ సంగతి పక్కన పెడదాం. 1987లో ఉగాండా ప్రభుత్వం 100 పాత షిల్లింగులకు ఒక కొత్త షిల్లింగు ఇచ్చి, అందులోంచి 30 శాతం పన్ను కూడా పట్టుకుంది. అంటే ఆ ఉగాండా రైతుకు మిగిలింది 7 కొత్త షిల్లింగులు. ఈ మధ్య ఒక కెన్యా షిల్లింగుకు 27, 28 ఉగాండా షిల్లింగులు వస్తున్నాయి. కాబట్టి ఆయన దాచిన వెయ్యి, పక్క దేశపు డబ్బులో పావు షిల్లింగు.

చాలామంది ఈ 28 అనే అంకెను చూసి కెన్యా కరెన్సీ బలమైనది, ఉగాండాది బలహీనమైనది అనేస్తారు. అది తప్పు లెక్క. ఆ అంకెలో ఉన్నది ఇవాళ్టి ఉగాండా పరిస్థితి కాదు. 1970లు, 80లలో అక్కడి పాలకులు తీసుకున్న నిర్ణయాలకు జనం కట్టిన మూల్యం అది.

ఈ షిల్లింగు కంటే ముందు అక్కడ నడిచింది మన రూపాయే. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేయడానికి 1896 నుంచి బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి 30 వేలకు పైగా కూలీలను తీసుకెళ్లారు. వాళ్లతో పాటు రూపాయి కూడా లోపలి ఊళ్ల దాకా వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెండి ధర పెరిగి, పౌండుతో పోలిస్తే రూపాయి ఎగబాకింది. పంటను లండన్‌లో పౌండ్లకు అమ్ముకుని అప్పులు మాత్రం రూపాయల్లో కట్టాల్సిన తెల్ల భూస్వాములు గగ్గోలు పెట్టారు. దాంతో 1920లో రూపాయి పోయి ఫ్లోరిన్ అనే కొత్త కరెన్సీ వచ్చింది. మరుసటి ఏడాదే షిల్లింగు వచ్చింది. 20 షిల్లింగులు ఒక పౌండు. స్వాతంత్ర్యం వచ్చాక, 1966లో కెన్యా, ఉగాండా, టాంజానియా మూడూ సొంత కేంద్ర బ్యాంకులు పెట్టుకుని సొంత షిల్లింగులు తెచ్చుకున్నాయి. అయినా విలువ సమానంగానే ఉండింది. డాలరుకు 7 షిల్లింగుల పైచిలుకు, ఎక్కడైనా.

1971లో ఉగాండాలో ఈదీ అమీన్ సైనిక కుట్రతో గద్దెనెక్కాడు. మరుసటి ఏడాది ఆసియా సంతతి వాళ్లను 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నాడు. 50 వేల మందికి పైగా కట్టుబట్టలతో వెళ్లిపోయారు. వాళ్ల దుకాణాలు, ఫ్యాక్టరీలు, చెరకు తోటలు చాలావరకు సైనికుల చేతికి, అమీన్ మనుషుల చేతికి పోయాయి. వాటిని నడపడం వాళ్లకు చేతకాలేదు. ఉత్పత్తి పడిపోయింది, పన్నుల రాబడి పడిపోయింది, సైన్యం ఖర్చు మాత్రం పెరిగింది. ఆ లోటును నోట్లు ముద్రించి పూడ్చారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అధికారిక రేటు మాత్రం దాదాపు కదల్లేదు! డాలరుకు 7, 8 షిల్లింగులే అని కాగితం మీద ఉండేది. నల్లబజారులో షిల్లింగు అందులో చిన్న భాగానికి కూడా చెల్లేది కాదు. ఆ నల్లబజారును ఉగాండా జనం 'మగెండో' అనేవాళ్లు. 1975లో బ్రెజిల్‌లో మంచుకు కాఫీ తోటలు మాడిపోయి ప్రపంచమంతా కాఫీ ధర ఆకాశాన్నంటింది. కానీ ఉగాండా రైతుకు పంట కొనే ప్రభుత్వ బోర్డు ఇచ్చేది విలువలేని సొంత షిల్లింగులు. అందుకే బస్తాలు రాత్రిపూట సరిహద్దు దాటి కెన్యాలోని చెప్కుబే లాంటి సంతలకు చేరాయి. దీన్ని దొంగ రవాణా అని పిలవడానికి నాకు మనసొప్పదు. ప్రభుత్వం కాజేస్తున్న తన కష్టాన్ని రైతు కాపాడుకునే దారి అదొక్కటే.

అమీన్ పోయాక వచ్చిన ఒబోటే ప్రభుత్వం 1981లో రేటును బజారుకు వదిలేయగానే డాలరు 8 నుంచి దాదాపు 78 షిల్లింగులకు చేరింది. అప్పటికే జరిగిపోయిన పతనం అప్పుడు లెక్కల్లోకి ఎక్కిందంతే. ఆ తర్వాత అంతర్యుద్ధం, 1986లో ముసెవెని అధికారంలోకి రావడం, 1987లో రెండు సున్నాల కోత.

మరి కెన్యా రైతు వెయ్యి భద్రంగా ఉందా? లేదు. 1970లో అది 140 డాలర్లు. ఇవాళ 8 డాలర్లు కూడా రావు. అక్కడా పాలకులు తక్కువ తినలేదు. 1992 ఎన్నికల వేళ ఎడాపెడా డబ్బు ముద్రించారు, బంగారం ఎగుమతుల పేరుతో ఖజానాను దోచిన గోల్డెన్‌బర్గ్ కుంభకోణం తోడైంది, 1993లో ద్రవ్యోల్బణం 45 శాతం దాటింది. అదే సమయంలో ఉగాండా పాఠం నేర్చుకుంది. 1990లోనే ప్రైవేటు మారకం దుకాణాలకు అనుమతిచ్చి నల్లబజారు నడుం విరిచింది. 2011లో ద్రవ్యోల్బణం 30 శాతానికి చేరినప్పుడు అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 23 శాతానికి పెంచింది. అప్పు తీసుకున్న చిన్న వ్యాపారులు నలిగిపోయిన మాట నిజం, కానీ షిల్లింగు నిలబడింది.

ఈ మార్పు మొన్నటి సంక్షోభంలో బయటపడింది. 2024 జూన్‌లో 200 కోట్ల డాలర్ల విదేశీ బాండ్లు తీర్చాల్సిన కెన్యా ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుందోనన్న టెన్షన్‌తో, 2022 మొదట్లో 113 కెన్యా షిల్లింగులున్న డాలరు 2024 జనవరికి 160కి చేరింది. ఆ కాలంలో ఒక కెన్యా షిల్లింగుకు వచ్చే ఉగాండా షిల్లింగులు 31 నుంచి 24కు పడిపోయాయి. 'బలహీనమైన' షిల్లింగు నిలకడగా ఉంది, 'బలమైన'ది జారింది. ఫిబ్రవరిలో కెన్యా కొత్త బాండ్లు అమ్ముకున్నాక గానీ పరిస్థితి కుదుటపడలేదు.

ఇప్పుడు తూర్పు ఆఫ్రికా దేశాలు మళ్లీ ఒకే కరెన్సీ అంటున్నాయి. 2013లో కంపాలాలో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. గడువు 2024 అన్నారు, ఇప్పుడు 2031 అంటున్నారు. బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం, ద్రవ్యోల్బణం 8 శాతం దాటకూడదని అందులో రాసుకున్నారు. పాత ఉమ్మడి షిల్లింగు నిలబడిందంటే దాని వెనక లండన్‌లో పౌండ్ల నిల్వ ఉంది, స్థానిక ప్రభుత్వాలకు ఇష్టమొచ్చినట్టు ముద్రించే వీలు లేదు. ఆ కట్టడి వలస పాలకులది, అది మళ్లీ రాకూడదు. దాని చోట సొంత కట్టడి కావాలి, అదింకా తయారు కాలేదు. అందుకే 2031 గడువు కూడా దాటిపోతే నాకు బాధ లేదు. సంతకాలు చేసిన ప్రభుత్వాలు ఆ 3 శాతం హద్దును, ఎన్నికల ఏడాదితో సహా, వరసగా కొన్నేళ్లు పాటించి చూపించాకే ఉమ్మడి నోటు అచ్చుకు వెళ్లాలి.