సీటు కొనాలన్నా ఇంజినీర్లు కావాలి

శుభాంశు శుక్లా అంతరిక్షానికి వెళ్లొచ్చినప్పుడు మన దగ్గర రెండు మాటలే వినిపించాయి. 1984లో రాకేశ్ శర్మ తర్వాత మళ్లీ మనవాడు వెళ్లాడన్న సంబరం ఒకటి. సుమారు 550 కోట్లు పోసి అమెరికా కంపెనీ దగ్గర సీటు కొనుక్కోవడం కూడా ఘనతేనా అన్న వెటకారం ఇంకొకటి. శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర టీ కొట్లో విన్నా, టీవీ చర్చల్లో విన్నా అంతే. అసలు సంగతి ఎవరికీ పట్టలేదు.

శుక్లా వెళ్లిన యాక్సియమ్-4 యాత్ర దాదాపు మన ఆర్టీసీ అద్దె బస్సు వ్యవహారమే. బండి, డ్రైవరు ప్రైవేటు. స్టాండు, కండక్టరు ఆర్టీసీ. ఇక్కడ ప్రయాణం ఏర్పాటు యాక్సియమ్‌ది, రాకెట్టూ క్యాప్సూలూ స్పేస్‌ఎక్స్‌వి, చేరాల్సిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (స్టేషన్) మాత్రం ప్రభుత్వాలది. 2011లో తన సొంత వాహనం షటిల్ ఆగిపోయాక నాసా కూడా ఏళ్ల తరబడి రష్యా వ్యోమనౌక సోయజ్‌లో సీట్లు కొనుక్కుంది. కాబట్టి కొనడంలో నామోషీ ఏమీ లేదు. కొనేవాడికి బండి గురించి ఎంత తెలుసన్నదే ప్రశ్న.

2025 జూన్ 11న ఎగరాల్సిన స్పేస్‌ఎక్స్ రాకెట్టు ఫాల్కన్-9 ద్రవ ఆక్సిజన్ లీకుతో ఆగింది. రాకెట్టు కింది భాగమైన బూస్టర్‌ను నేల మీదే మండించి చూశాక తనిఖీలో ఇది బయటపడింది. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. తాను మండదు గానీ పక్కనున్నదాన్ని భగ్గుమనిపిస్తుంది. తాత్కాలిక ఏర్పాటుతో నెట్టుకొద్దామంటే తమ బృందం ఒప్పుకోలేదని, పూర్తిగా సరిచేయాల్సిందేనని పట్టుబట్టిందని, చివరికి పైపులో పగులు దొరికిందని ఇస్రో ఛైర్మన్ వి. నారాయణన్ తర్వాత చెప్పారు. ఆ పైన స్టేషన్‌లోని రష్యా విభాగంలో ఇంకో లీకు. మొత్తానికి జూన్ 25న బయల్దేరారు.

ఆ పట్టుదల 550 కోట్ల కస్టమర్‌కి ఊరికే వచ్చేది కాదు. నారాయణన్ వృత్తిలో పండిపోయిందే క్రయోజెనిక్ ఇంజిన్ల దగ్గర, అంటే ద్రవ ఆక్సిజన్ లాంటి అతిచల్లని ద్రవాలతో నడిచే ఇంజిన్ల దగ్గర. 1993లో అమెరికా ఒత్తిడికి లొంగి రష్యా ఆ టెక్నాలజీ మనకు ఇవ్వనంది. 2010లో సొంత క్రయోజెనిక్ దశతో ఎగిరిన ఇస్రో రాకెట్టు జీఎస్‌ఎల్‌వీ విఫలమైంది. 2014 జనవరిలో గానీ గెలవలేదు. ఆ రెండు దశాబ్దాల్లో చేతులు కాల్చుకుని (అంత చల్లటి ద్రవంతో కాల్చుకోవడమేమిటంటారేమో!) నేర్చుకున్నవాళ్లు మనకున్నారు కాబట్టే, కంపెనీ ఇంజినీరు చెప్పింది విని తలూపకుండా ‘ఆ పైపు ఓసారి చూపించండి’ అనగలిగారు. ఆ అనుభవం లేకపోతే మనకు దక్కేది టికెట్టూ, ఒక టెన్షనూ.

పని అప్పగించి ఫలితం చూసుకుంటే చాలు, సర్కారుకు ఇంజినీర్ల మంద ఎందుకంటారు కొందరు. స్పేస్‌ఎక్స్ చౌకగా చేసి చూపించిన మాట నిజమే. మరి 2024లో బోయింగ్ వ్యోమనౌక స్టార్‌లైనర్ థ్రస్టర్లు (దాన్ని నడిపే చిన్న ఇంజిన్లు) మొరాయించినప్పుడు ఏమైంది? సునీతా విలియమ్స్ వాళ్లను అందులోనే దింపొచ్చని కంపెనీ నమ్మింది. కాదు, ఖాళీగానే దించమంది నాసా. లెక్కలు తెలిసినవాళ్లు తన దగ్గరే ఉన్నారు కాబట్టి అనగలిగింది.

ఇక మన శ్రీకాకుళం జిల్లాకు వద్దాం. వంశధార ఎడమ కాలువ కింద శివారు రైతుని కదిపి చూడండి. పని కాంట్రాక్టరుకి, నాణ్యత తనిఖీ ‘థర్డ్ పార్టీ’కి ఇచ్చేసే ఈ రోజుల్లో శాఖకు మిగిలేది బిల్లు మీద సంతకం. తూము దగ్గర షట్టరు ఏ పక్కకి ఒరిగి బిగుసుకుంటుందో, రబ్బరు సీలు ఎక్కడ చిరిగి నీళ్లు కారిపోతున్నాయో చేత్తో తడిమి చెప్పే లస్కరు (కాలువ చూసుకునే సిబ్బంది) రిటైరైతే ఆ స్థానంలోకి ఇంకొకరు రావడం గగనమైపోయింది. కొత్తగా వచ్చిన ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) ఆ కాలువ నేర్పేవాడెవడు? కాంట్రాక్టరు మనిషి చూపించిందే లీకు, చూపించనిది లేనట్టే.

వంశధార మీద గొట్టా బ్యారేజీ గేట్లకైనా, నాగావళి మీద నారాయణపురం ఆనకట్టకైనా ఇకమీదట మరమ్మతుల టెండరు పిలిచే ముందు లస్కర్ల పోస్టులు, ఏఈల పోస్టులు భర్తీ చేయమని మన ఎమ్మెల్యేలు అసెంబ్లీలో గట్టిగా అడగాలి. కాంట్రాక్టరు ఎవరన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.